గ్రుడ్డి పెంకుపురుగు బాట

"కన్నులు లేని పురుగు ఒక గుహనుండి వేరొక గుహకు ఎట్లు పోవును?" అని మా తరగతిలో నొక బాలుడు అడిగెను. మంచి ప్రశ్నయే. పైకి వచ్చినచో అది తేమ లేక చచ్చును. కావున రాతిలోని పగుళ్లే దానికి బాటలని మేము చెప్పితిమి.

వాననీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకొని సున్నపురాతిని కరగించును. మన బొర్రా గుహలు అట్లేర్పడినవే. ఇసుకరాయి అట్లు కరగదు.

అమెరికాలో కెంటకీ రాష్ట్రమునందలి మామత్ గుహలో 1842వ సంవత్సరమున టెల్‌కాంఫ్ అను వైద్యుడు గ్రుడ్డిదైన యొక చిన్న పెంకుపురుగును సేకరించెను. అది యిసుకను త్రవ్వి, గుహలో వసించు ఇలకోళ్ల గ్రుడ్లను వెదకి తినును! అచ్చట సున్నపురాయి విశాలముగా, దాదాపు చదునుగా పరచుకొనియున్నది. పగుళ్లు గుహనుండి గుహకు సాగును. కావున ఆ పురుగు అనేక గుహలలో కానవచ్చును.

తూర్పుననున్న అప్పలేచియన్ లోయలలో స్థితి వేరు. అచ్చట పొరలు మడతలుపడి, సున్నపురాయి సన్నని పట్టెలుగా తెగియున్నది. నడుమ ఇసుకరాతి గట్లు. ఈ పట్టెలోని పురుగు ఆ పట్టెలోని దానితో జతకూడనేరదు. తరతరములుగా జన్యువులలో స్వల్పమైన మార్పులు పోగుపడి, తుదకు వేర్వేరు జాతులేర్పడినవి. తామస్ బార్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి జాతులను పెక్కింటిని వర్ణించెను. వీనిలో కొన్ని ఒక్క గుహయందే దొరకినవి. ఆ గుహ పూడిపోయినచో వానికి వేరొక చోటు లేదు.