మాత్రలతో గర్భస్రావం తరువాత పొత్తికడుపు నొప్పి

"ఆ మాత్రలు మింగాను, నాకిక పిల్లలు పుట్టరా సిస్టర్?" ఈ ప్రశ్నను డాక్టరమ్మ గారి గదిలో అడిగేవారు తక్కువ. బయటికి వచ్చాక, తోడు వచ్చిన అత్తగారు మందుల కౌంటరుకు వెళ్ళిన సమయం చూసి, బి.పి. చూసే బల్ల దగ్గర మమ్మల్ని మెల్లగా అడుగుతారు.

ఆమధ్య ఒక సోదరి అలాగే అడిగింది. చంటిబిడ్డకు ఎనిమిదో నెలలో ఆమెకు మళ్ళీ నెల తప్పింది. భర్త మందుల షాపు నుండి మాత్రలు తెచ్చాడు. స్కానింగు చేయించలేదు. రక్తస్రావమై ఆగిపోయింది గాని పొత్తికడుపులో సలుపు, వాసనతో తెల్లబట్ట మూడు నెలలుగా వదలలేదు. పరీక్షిస్తే గర్భసంచికి, ట్యూబులకు ఇన్ఫెక్షన్ ఉన్నట్లు తేలింది. ఆమెకు 14 రోజులు యాంటీబయాటిక్స్ ఇచ్చి, భర్తకు కూడా చికిత్స చేశాము. నొప్పి తగ్గింది. ట్యూబులు దెబ్బ తిన్నాయో లేదో ఇప్పుడే చెప్పలేమని డాక్టరమ్మ గారు ఆమెతో దాచకుండా అన్నారు. మొదటి వారాల్లోనే వచ్చి ఉంటే ఆ మాట బహుశా వినవలసి వచ్చేది కాదు.

మాత్రల వల్లనే గొడ్రాలవుతారన్నది నిజం కాదు. మిఫెప్రిస్టోన్ గర్భాన్ని నిలిపే హార్మోను పనిని ఆపుతుంది. మిసోప్రోస్టాల్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. రెండూ కొద్ది రోజుల్లో ఒంట్లోంచి వెళ్ళిపోతాయి. రెండు మూడు వారాల్లోనే అండం మళ్ళీ విడుదల కావచ్చు, అంటే నెలసరి రాకముందే గర్భం నిలవవచ్చు. సంతానానికి చేటు చేసేది చికిత్స చేయించుకోని ఇన్ఫెక్షన్. అది ట్యూబులను మూసివేయగలదు.

మాత్రలు వేసుకున్న రోజు నెలసరి కంటే ఎక్కువ నొప్పి రావడం సహజం. ఒకటి రెండు వారాలు కొద్దికొద్దిగా బట్ట కనబడటమూ మామూలే. అయితే వరుసగా రెండు గంటలు, గంటకు రెండు పెద్ద ప్యాడ్ల చొప్పున తడిసిపోతే ఆగకుండా బయలుదేరండి. మరునాటి తరువాత కూడా 100.4 డిగ్రీల జ్వరం ఉన్నా, దుర్వాసన వచ్చినా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా రావాలి. లోపల ముక్కలు మిగిలితే మందుతో గాని, చిన్న సక్షన్‌తో గాని శుభ్రం చేస్తారు.

మరొకటి ప్రాణానికే ముప్పు. గర్భం ట్యూబులో ఉంటే ఈ మాత్రలు పని చేయవు. ఒక పక్క పోటు, భుజం నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే అర్ధరాత్రయినా క్యాజువాలిటీకి తీసుకురండి. ముందుగా స్కానింగు చేయించమని మేము పోరేది ఇందుకే.

ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే, 35 ఏళ్ళు దాటినవారైతే ఆరు నెలలకే, పరీక్షలకు రావాలి. రంగు మందు ఎక్కించి ట్యూబులకు ఎక్స్-రే తీస్తారు. అంతకుముందే భర్త వీర్యపరీక్ష జరగాలి. ఆయనకు పరీక్షే చేయించకుండా పాత మాత్రల మీద నెపం వేసిన ఇళ్ళను మేము చాలా చూశాము.

రహస్యం విషయంలో బెంగ వద్దు. 1971 నాటి చట్టానికి 2021లో జరిగిన సవరణ ప్రకారం ఆమె పేరు, వివరాలు చట్టం అనుమతించిన వారికి తప్ప ఇతరులకు చెప్పడం నేరం. ఎందుకు వేసుకున్నావని మేము అడగము. ఎప్పుడు, ఎన్ని, ఏవి అని మాత్రం అడుగుతాము. ఆ మాత్రల అట్ట పారేయకుండా వెంట తీసుకురండి.