గింజల లెక్క - పదిమంది చేతులు



సంచికకు ఏదైనా రాయమన్నారు. ఎం.ఎస్సీ. గణితంలో నేను చేస్తున్న ప్రాజెక్టు గురించే రాస్తున్నాను. దాని పేరు పెద్దది: రేణు పదార్థాల్లో స్పర్శను లెక్కించే సమాంతర సంఖ్యా పద్ధతులు. విషయం మాత్రం మన మెస్ స్టోరు రూములోనే ఉంది. బియ్యం, కందిపప్పు, ఇసుక, కంకర అన్నీ రేణు పదార్థాలే.

నీళ్ల ట్యాంకులో లోతు పెరిగేకొద్దీ అడుగున పీడనం పెరుగుతూనే ఉంటుంది. ధాన్యం నింపిన ఎత్తయిన గాదెలో అలా కాదు. కొంత ఎత్తు దాటాక పైన ఎంత పోసినా అడుగున ఒత్తిడి దాదాపు పెరగదు. ఆ బరువును ఘర్షణ వల్ల గోడలు మోస్తాయి. జర్మన్ ఇంజనీరు యాన్సెన్ 1895లోనే దీనికి సూత్రం రాశాడు. సగటు ఒత్తిడికి ఆ సూత్రం చాలు. ఏ గింజ ఏ గింజను నొక్కుతోందో, తూము దగ్గర ధాన్యం ఎప్పుడు ఆగిపోతుందో అది చెప్పదు.

మా నాన్న రైసుమిల్లులో హమాలీ. తొట్టిలో వడ్లు తూము పైన వంతెనలా బిగుసుకుంటే పైకెక్కి గెడకర్రతో పొడిచేది ఆయనే. ఆ వంతెన కింద ఖాళీ ఉంటుంది. అది విరిగిన క్షణంలో పైన నిలబడ్డ మనిషి గింజలతో పాటు కిందికి దిగిపోతాడు. తూము ఎంత వెడల్పుంటే, గోడ ఎంత వాలుంటే వడ్లు బిగుసుకోవో తొట్టి కట్టకముందే కంప్యూటరులో చూసుకోగలిగితే ఆ గెడకర్రతో పని తగ్గుతుంది. నా చదువు దీని గురించేనంటే నాన్న నమ్మలేదు, "గింజలకు కూడా లెక్కలుంటాయా?" అన్నాడు.

ఉన్నాయి. 1979లో కండాల్, స్ట్రాక్ అనే ఇద్దరు ప్రచురించిన పద్ధతి ఇంటర్ ఫిజిక్సు చదివినవారికి కొత్తదేమీ కాదు. రెండు గింజలు తాకినప్పుడు ఒకదానిలోకి ఒకటి కొంచెం చొచ్చుకున్నట్టు అనుకుంటాం. ఎంత చొచ్చుకుంటే అంత బలంతో స్ప్రింగు వెనక్కి నెడుతుంది. ఢీకొన్నప్పుడు పోయే శక్తికి ఇంకో పదం కలుపుతాం. పక్కకు జారే బలం ఘర్షణ హద్దు దాటకుండా చూస్తాం. బలాలన్నీ కూడి, ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం వస్తుంది. గింజను కొంచెం జరిపి మళ్లీ మొదటినుంచి లెక్క మొదలుపెడతాం.

చిక్కు సంఖ్యల్లో ఉంది. గింజ 20 మిల్లీగ్రాములనుకుంటే 50 కిలోల బస్తాలో 25 లక్షల గింజలు. పోనీ 10 లక్షలే తీసుకుందాం. ప్రతి జతనూ పరీక్షిస్తే దాదాపు 50 వేల కోట్ల జతలు! అందుకే పెట్టెను చిన్న గదులుగా విడగొట్టి, గింజ ఉన్న గదినీ చుట్టూ ఉన్న 26 గదులనూ మాత్రమే వెతుకుతాం. అయినా కాలం అంతరం చాలా చిన్నదిగా ఉండాలి. స్ప్రింగు ఎంత గట్టిదైతే అంతరం అంత తగ్గాలి. అది సెకనులో పది లక్షలో వంతు అయితే, బస్తా ఒక్క సెకను కదలడానికి మొత్తం లెక్క 10 లక్షల సార్లు చేయాలి.

ఒక్క ప్రాసెసరుతో తెమిలే పని కాదిది. పంచాలి. 10 లక్షల గింజల్ని నిలువు, అడ్డం, లోతు నూరేసి చొప్పున పేర్చామనుకోండి. ఎనిమిది ముక్కలు చేసి ఎనిమిది ప్రాసెసర్లకిస్తే ఒక్కోదానికి లక్షా పాతిక వేలు. సరిహద్దుకు అవతలున్న గింజల సంగతీ తెలియాలి కాబట్టి పక్క ముక్కల నుంచి 7,500 గింజల నకలు తెచ్చుకోవాలి. వాటాలో ఇది 6 శాతం, ఫర్వాలేదు. అదే వెయ్యి ముక్కలు చేస్తే? వాటా వెయ్యి గింజలు, మధ్యలోని ముక్క తెచ్చుకోవాల్సిన నకళ్లు 600! పని కన్నా ఉత్తరప్రత్యుత్తరాలే ఎక్కువవుతాయి. పైగా తొట్టి ఖాళీ అవుతుంటే పై ముక్కల ప్రాసెసర్లకు పనుండదు. అయినా ప్రతి అడుగులో అందరూ ఆఖరివాడి కోసం ఆగాల్సిందే. మెస్సులో అందరికీ వడ్డించేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదన్నట్టు.

ఇంకో చిక్కు నాకు చాలా ఇష్టం. ఒకే గింజ ఖాతాలో ఇద్దరు ఒకేసారి బలం రాయబోతే ఒకరు రాసింది చెరిగిపోతుంది. న్యూటన్ మూడో నియమం ప్రకారం ఒక స్పర్శను ఒకసారి లెక్కించి రెండు గింజలకూ రాస్తే సగం శ్రమ తగ్గుతుంది కానీ ఈ గొడవ వస్తుంది. గ్రాఫిక్ కార్డుల మీద చాలామంది ఆ లాభం వదులుకుంటారు: ఏ గింజ లెక్క అది చేసుకుంటుంది, ప్రతి స్పర్శనూ రెండుసార్లు లెక్కిస్తారు. దండగలా కనిపించినా అక్కడ అదే తెలివైన పని అని నా అభిప్రాయం.

స్ప్రింగే వద్దన్నవారూ ఉన్నారు. ఫ్రాన్సులో మొరో, జాన్ గింజలు అసలు చొచ్చుకోకూడదని నియమం పెట్టి, పెద్ద అంతరంతో స్పర్శలన్నిటినీ కలిపి సాధించారు. అయితే అందులో ఒక స్పర్శ జవాబు పక్క స్పర్శ తాజా జవాబు మీద ఆధారపడుతుంది, పంచడం కష్టం. ఉమ్మడి గింజ లేని స్పర్శలకు ఒకే రంగు వేసి, ఒక రంగువన్నీ ఒకేసారి సాధించడం ఒక దారి.

కంప్యూటరు ల్యాబు దొరికినవాళ్లు సి భాషలో రెండు గింజలతో మొదలుపెట్టండి. శక్తి నష్టం లేకుండా ఎదురెదురుగా ఢీకొట్టించి, కాలం అంతరాన్ని పెంచుతూ పోండి. ఢీకొన్న తర్వాతి వేగం ముందున్న వేగం కన్నా బాగా ఎక్కువొచ్చిందంటే అంతరం హద్దు దాటిందన్నమాట. ఆ హద్దు, ద్రవ్యరాశిని స్ప్రింగు గట్టితనంతో భాగించి వర్గమూలం తీస్తే వచ్చేదానికి ఎంత దగ్గరలో ఉందో చూసి నాకు రాయండి.