మట్టిని కాపాడితే పైకం

వానాకాలం దగ్గర పడింది. అత్త పెంటకుప్ప దగ్గర నిలబడి ఉంది. కోడలు మహిళా సంఘం మీటింగు నుంచి వచ్చింది. ఆమె చేతిలో ఒక కాగితం ఉంది.

"ఏంది బిడ్డా అది?"

"మందులు లేకుండ పంట తీస్తే సర్కారు పైసలిస్తదంట అత్తా."

"రైతు భరోసా ఉన్నది గద! మళ్ళ ఇదేంది?"

"అది వేరు, ఇది వేరు. చదువుతా విను."

కోడలు కూడబలుక్కుంటూ చదివింది.

రైతు భరోసా 2025 జనవరిలో మొదలైంది. ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలని ప్రకటించారు. అది సాగు భూమికి ఇచ్చే సాయం. ఏ ఎరువు వేశారని అడగరు.

రెండోది ప్రకృతి వ్యవసాయ మిషన్. కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో దీనికి ఒప్పుకుంది. ఇందులో రసాయన ఎరువులు, పురుగుమందులు వాడకూడదు. అలా సాగు చేసిన రైతుకు ఎకరానికి ఏడాదికి 4,000 రూపాయలు. రెండేళ్ళు ఇస్తారు. ఒక రైతుకు ఒక ఎకరం వరకే. రైతులు గుంపుగా చేరాలి. ఒక గుంపులో సుమారు 125 మంది. పని నేర్పడానికి ఇద్దరు కృషి సఖులు ఉంటారు.

అత్త పెదవి విరిచింది.

"మందు ఎయ్యకుంటే పంట తగ్గదా? నాలుగు వేలు ఏ మూలకు?"

"మొదట్ల తగ్గొచ్చు అత్తా. అందుకే మూడెకరాల్ల ఒక్క ఎకరమే చేద్దాం. మందుల అప్పు ఎంత తగ్గుతదో లెక్క చూద్దాం. నిరుడు పత్తికి మందు కొట్టి నువ్వు కళ్ళు తిరిగి పడ్డవు. యాది లేదా?"

అత్త మాట్లాడలేదు. కొంచెం సేపటికి అడిగింది.

"పాసుబుక్కు మీ మామ పేరు మీద ఉండె. పైసలు ఎవరికొస్తయి?"

"అది ముందే అడుగుదాం. రేపు మామను కూడ రైతు వేదికకు తోలుకపోదాం. చాకిరి మనది. లెక్క నేను రాస్త."

గద్వాలలో విత్తన పత్తి, వనపర్తిలో పల్లి, నాగర్‌కర్నూలులో మొక్కజొన్న. పంట ఏదైనా మట్టి బాగుంటేనే పండుతుంది. పెంట ఎరువు పడిన చెల్క వాన నీటిని పట్టి ఉంచుతుంది.

జీవామృతం చేసే పద్ధతి (ఒక ఎకరానికి)

నీళ్ళు 200 లీటర్లు
ఆవు పేడ 10 కిలోలు
ఆవు మూత్రం 5 నుంచి 10 లీటర్లు
బెల్లం 2 కిలోలు
శనగపిండి 2 కిలోలు
మందు పడని గట్టు మట్టి పిడికెడు

అన్నీ డ్రమ్ములో కలపాలి. నీడలో రెండు రోజులు ఉంచాలి. పొద్దున, సాయంత్రం కర్రతో తిప్పాలి. తర్వాత చేనులో తడి ఉన్నప్పుడు పొయ్యాలి.

చెప్పండి

1. రైతు భరోసాకు, ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు తేడా ఏమిటి?
2. ఒక ఎకరానికి రెండేళ్ళలో ఎంత వస్తుంది? లెక్క వేసి రాయండి.
3. నిరుడు మీ ఇంట్లో మందులకు ఎంత ఖర్చయింది? ఇంట్లో అడిగి రాయండి.
4. మీ భూమి పాసుబుక్కు ఎవరి పేరు మీద ఉంది? తెరిచి చదవండి.