రూట్ తాళం లేకుండా మన సాఫ్ట్‌వేర్

తమ్ముళ్ళూ, హాస్టల్ స్టోర్ రూము తాళం వార్డెన్ గారి దగ్గర ఉంటుంది. మన ట్రంకు పెట్టె తాళం మన మొలతాడుకే ఉంటుంది. రేపు మీరు కాలేజీలో కూర్చోబోయే లినక్స్ యంత్రాలదీ ఇదే పద్ధతి. రూట్ పాస్‌వర్డ్ ల్యాబు వారిది, హోమ్ డైరెక్టరీ మనది.

సొంత ల్యాప్‌టాప్ లేని మనబోటి వాళ్ళకు ల్యాబే దిక్కు. ప్రాజెక్టుకు కొత్త పైథాన్ కావాలంటే రూట్ ఇవ్వరు. పదిమంది వాడే యంత్రం గనుక ఇవ్వకపోవడమే న్యాయం. కంపైలర్ ఉంటే చాలు. సోర్స్ తెచ్చి విప్పి, కాన్ఫిగర్ చేసేటప్పుడు ప్రిఫిక్స్ అనే ఆప్షన్‌కు మన హోమ్‌లోని 'లోకల్' ఫోల్డరు చిరునామా ఇవ్వాలి. ఆపైన మేక్, మేక్ ఇన్‌స్టాల్. ప్రిఫిక్స్ మరిస్తే అది యూఎస్ఆర్ లోకల్‌లో పెట్టబోయి, అనుమతి లేదని ఆగిపోతుంది.

ఇంత చేసినా పైథాన్3 అని కొడితే పాతదే పలుకుతుంది. ఇక్కడే చాలామంది నిరాశపడి వదిలేస్తారు. షెల్ మన కమాండును యంత్రమంతా వెతకదు. పాత్ అనే వేరియబుల్‌లో కోలన్లతో విడదీసి రాసిన ఫోల్డర్లలోనే ఎడమ నుంచి కుడికి చూసి, మొదట దొరికిన దాన్ని నడుపుతుంది. కాబట్టి మన 'లోకల్'లోని బిన్ ఫోల్డరును అందరికన్నా ముందు నిలబెట్టాలి. రాయవలసిన వరుస ఇది: ఎక్స్‌పోర్ట్, ఖాళీ, పాత్, ఈక్వల్, డాలర్ హోమ్, స్లాష్ లోకల్, స్లాష్ బిన్, కోలన్, డాలర్ పాత్. వేరియబుల్ పేర్లు పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఈక్వల్‌కు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. చివరి డాలర్ పాత్ వదిలేస్తే ఎల్ఎస్ కూడా దొరకదు. అప్పుడు స్లాష్ బిన్ స్లాష్ ఎల్ఎస్ అని పూర్తి చిరునామాతో పిలవాలి. ఎక్స్‌పోర్ట్ అన్న మాట ఉంటే ఆ విలువ షెల్ నుంచి పుట్టే ప్రోగ్రాములకూ అందుతుంది.

ఈ వరుసను హోమ్‌లోని బాష్ఆర్‌సీ ఫైలులో రాసి, 'సోర్స్' కమాండుతో చదివించాలి. ఎస్ఎస్‌హెచ్ ద్వారా లాగిన్ అయితే బాష్ ముందు బాష్ ప్రొఫైల్‌ను చూస్తుంది గనుక, అందులోంచి బాష్ఆర్‌సీని పిలిపించడం మంచిది.

షేర్డ్ లైబ్రరీ దొరకలేదని గోల చేసే సాఫ్ట్‌వేర్‌కు ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే మరో వేరియబుల్ ఉంది. దాన్ని మాత్రం బాష్ఆర్‌సీలో శాశ్వతంగా పెట్టొద్దంటాం. మిగతా ప్రోగ్రాములూ మన లైబ్రరీలనే పట్టుకుని తడబడతాయి. ఆ ఒక్క కమాండు ముందే రాసి నడపండి.

అంతా అయ్యాక టైప్, హైఫన్ ఏ, పైథాన్3 అని కొట్టి చూడండి. దొరికిన చోట్లన్నీ వరుసగా కనిపిస్తాయి. మొదటిది మనదై ఉండాలి. పాత్‌ను ముందే మార్చి, తర్వాత ఇన్‌స్టాల్ చేసిన వారికి జాబితా సరిగ్గా ఉన్నా పాతదే నడవవచ్చు. బాష్ పాత చోటును గుర్తుపెట్టుకోవడమే కారణం. హాష్, హైఫన్ ఆర్ కొడితే మరిచిపోతుంది.