బ్రౌజర్‌కూ యాంటీవైరస్‌కూ పడనప్పుడు

ఫైలింగ్‌కు గడువు రోజు. పోర్టల్ సాయంత్రం 5 గంటలకు మూసేస్తారు. మీ బ్రౌజర్‌లో సైట్ తెరుచుకోవడం లేదు. ఆ కంగారులో చాలామంది యాంటీవైరస్‌ను మొత్తంగా ఆపేస్తారు. పని అయిపోతుంది కానీ, దాన్ని మళ్లీ ఆన్ చేయడం మరిచిపోతారు. తర్వాత ఏం జరిగినా జవాబు చెప్పుకోవాల్సింది మీరే. కాబట్టి అడ్డు ఎక్కడ పడుతోందో ముందు చూడండి.

ప్రతి సైట్‌కీ సర్టిఫికెట్ ఎర్రర్ వస్తుంటే, ఆ సర్టిఫికెట్ వివరాలు తెరిచి దాన్ని జారీచేసింది ఎవరో చూడండి. యాంటీవైరస్ పేరు ఉంటే కారణం హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్. అది ట్రాఫిక్‌ను విప్పి చూసి, సొంత సర్టిఫికెట్‌తో తిరిగి పంపుతుంది. విండోస్ సర్టిఫికెట్ స్టోర్‌లో చేరిన ఆ సర్టిఫికెట్‌ను క్రోమ్ నమ్ముతుంది. వాటర్‌ఫాక్స్, పేల్ మూన్ లాంటి ఫైర్‌ఫాక్స్ వంశపు బ్రౌజర్లకు సర్టిఫికెట్ల జాబితా విడిగా ఉంటుంది. అందులో ఆ సర్టిఫికెట్ లేకపోతే ఎర్రర్ రావచ్చు. సొంత కంప్యూటర్ అయితే హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ ఒక్కటే ఆపండి, మిగతా రక్షణ అలాగే ఉండనివ్వండి. ‘రిస్క్ ఒప్పుకుంటున్నా’ అన్న బటన్ మాత్రం అలవాటు చేసుకోవద్దు. నిజంగానే నకిలీ సైట్ ఎదురైన రోజు కూడా చెయ్యి దానిమీదికే పోతుంది.

ఇది చిన్న బ్రౌజర్లకే వచ్చే ఇబ్బంది కాదు. 2019లో ఫైర్‌ఫాక్స్ 65 కొన్ని యాంటీవైరస్‌ల హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్‌తో పొసగక, విండోస్‌లో దాని ఆటోమేటిక్ అప్‌డేట్లను తయారీ సంస్థ మోజిల్లా కొంతకాలం ఆపాల్సి వచ్చింది. తక్కువమంది వాడే బ్రౌజర్ విషయంలో ఇలాంటి తేడా బయటపడటానికే ఆలస్యం అవుతుంది.

యాంటీవైరస్ బ్రౌజర్ ఫైల్‌నే క్వారంటైన్ చేస్తే (పక్కన బంధిస్తే) పద్ధతి వేరు. కొత్తగా విడుదలైన, కొద్దిమందే డౌన్‌లోడ్ చేసుకున్న ఫైల్‌ను యాంటీవైరస్ అనుమానించడం మామూలే. అలాగని ప్రతిసారీ అది పొరపాటే అనుకోకండి. అధికారిక సైట్ నుంచి మళ్లీ దించుకుని, డిజిటల్ సంతకం, అక్కడ ఇచ్చిన హ్యాష్ విలువ సరిపోల్చండి. రెండూ సరిపోతే యాంటీవైరస్ కంపెనీకి ఫాల్స్ పాజిటివ్ (పొరపాటు అనుమానం) అని రిపోర్ట్ చేయండి. స్కాన్ నుంచి మినహాయింపు (ఎక్స్‌క్లూజన్) తప్పదనుకుంటే ఆ ఒక్క ఫైల్‌కే ఇవ్వండి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తానికి వద్దు.

ఆఫీస్ ల్యాప్‌టాప్ అయితే ఇవేవీ మీరు చేయకండి. సర్టిఫికెట్‌లో కంపెనీ పేరే ఉండొచ్చు, అంటే ట్రాఫిక్ తనిఖీ కంపెనీ పాలసీ అన్నమాట. ఎర్రర్ స్క్రీన్‌షాట్, బ్రౌజర్ వెర్షన్, సమయం రాసి ఐటీకి టికెట్ పెట్టండి. జవాబు వచ్చేదాకా అనుమతి ఉన్న బ్రౌజర్‌లోనే పని ముగించండి. గడువు రోజున మీకు కావాల్సింది ఫైలింగ్ పూర్తికావడం. మీకు నచ్చిన బ్రౌజర్ సంగతి మర్నాడు తేల్చుకోవచ్చు.