నీళ్లను పరీక్షించే ఉద్యోగం

నల్గొండ జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీళ్లు చూడటానికి అద్దంలా ఉంటాయి. వాసన రాదు. కానీ వాటిలో ఫ్లోరైడ్ ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు వస్తాయి. పెద్దవాళ్ల కీళ్లు బిగుసుకుపోతాయి. కొందరి నడుములు, కాళ్లు వంగిపోతాయి. వంగిన ఎముకను ఏ మందూ మళ్లీ తిన్నగా చేయలేదు. ముందే జాగ్రత్త పడాలి.

మరి నీళ్లలో ఏముందో ఎవరు చెబుతారు? ప్రభుత్వ నీటి ల్యాబులో పనిచేసే టెక్నీషియన్ చెబుతుంది.

ఆమె పని ఏమిటి?

టెక్నీషియన్ ఊరికి వస్తుంది. ముందు బోరింగును కొంతసేపు కొట్టిస్తుంది.

"ఎందుకు బిడ్డా, నీళ్లన్నీ పారబోస్తున్నవ్?" అని ఒక అవ్వ అడుగుతుంది.

"పైపుల నిలిచిన నీళ్లు పోవాలె అవ్వా. భూమిల నీళ్లు కావాలె నాకు."

ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో రెండు మూడు సార్లు కడిగి నింపుతుంది. సీసా మీద ఊరి పేరు, బోరు ఉన్న చోటు, తేదీ రాస్తుంది. అది తప్పు రాస్తే ఒక ఊరి నీళ్లు ఇంకో ఊరి లెక్కలో పడతాయి.

"కాచి తాగితే పోదా బిడ్డా?"

"కాస్తే రోగాల పురుగులు చస్తయి అవ్వా. ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీళ్లు ఇంకి, అది ఇంకా ఎక్కువైతది."

ల్యాబులో యంత్రంతో కొలుస్తారు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. అది కూడా దాటితే ఆ నీళ్లు తాగకూడదు. బట్టలు ఉతకడానికి, గిన్నెలు తోమడానికి వాడుకోవచ్చు.

ఏం చదవాలి?

పదో తరగతి తర్వాత ఇంటర్‌లో సైన్సు తీసుకోవాలి. ఆ తర్వాత బి.ఎస్సీ.లో కెమిస్ట్రీ గానీ మైక్రోబయాలజీ గానీ చదవాలి. కొన్ని ఉద్యోగాలు పర్మినెంటు. కొన్ని కాంట్రాక్టు. చేరే ముందే జీతమెంత, ఎన్నాళ్ల ఉద్యోగం అని అడిగి తెలుసుకోవాలి. బడి మానేసిన అమ్మాయిలు ఓపెన్ స్కూలులో పదో తరగతి, ఇంటర్ చదవవచ్చు. దానికి వయసు మీరిపోయిందని ఎవరూ అనరు.

మీరూ చేయగల పని

2019లో జల్ జీవన్ మిషన్ మొదలైంది. ప్రతి ఊరిలో ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలని అందులో పెట్టారు. వాళ్లకు ఒక కిట్టు ఇస్తారు. నీళ్లలో మందు చుక్కలు వేస్తే రంగు మారుతుంది. ఆ రంగును పట్టీ మీది రంగులతో పోల్చి చూడాలి. ఎదురుగా ఉన్న అంకె చదివి, పుస్తకంలో రాయాలి. ఈ పనికి డిగ్రీ అక్కరలేదు. చదవడం, అంకెలు రాయడం వస్తే చాలు. ఆ రెండూ ఇప్పుడు మీకు వచ్చు!

కొత్త మాటలు

ల్యాబు: పరీక్షలు చేసే చోటు
మిల్లీగ్రాము: గ్రాములో వెయ్యో వంతు
కిట్టు: పరీక్ష సామాన్ల పెట్టె

చెప్పండి, రాయండి

1. కాచితే ఫ్లోరైడ్ ఎందుకు పోదు?
2. సీసా మీద ఏమేమి రాయాలి?
3. మీ ఊరి బోరు నీళ్లను చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? పంచాయతీలో అడిగి, తేదీ ఇక్కడ రాయండి.