అందని శబ్దాన్ని దించి వినిపించే వినికిడి యంత్రం

(అవగాహన: సైన్స్ అండ్ టెక్నాలజీ, ప్రజారోగ్యం)

నేపథ్యం

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో, హుజూర్‌నగర్ పరిసరాల సిమెంటు కర్మాగారాల్లో, దేశమంతటా ప్రాజెక్టుల దగ్గర రాళ్లు తొలిచే పాలమూరు కూలీల పనిచోట్లలో హోరు నిత్యం ఉండేదే. ఏళ్ల తరబడి ఆ హోరులో ఉంటే చెవి మొదట కోల్పోయేది హెచ్చు పౌనఃపున్య శబ్దాలను. ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్ష పటంలో) సాధారణంగా 4,000 హెర్ట్జ్ దగ్గర గుంట కనిపిస్తుంది. వృద్ధాప్యం కూడా, జెంటామైసిన్, సిస్‌ప్లాటిన్ వంటి మందులు కూడా ఇలాగే హెచ్చు పౌనఃపున్య నష్టం కలిగించగలవు.

మాట వినపడుతుంది, అర్థం కాదు

మనిషి చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. మాటకు బలాన్నిచ్చే అచ్చులు తక్కువ పౌనఃపున్యంలో ఉంటాయి. మాటను స్పష్టం చేసే స, శ, చ, త వంటి హల్లుల శక్తి చాలావరకు పైస్థాయిలో ఉంటుంది. అందుకే నష్టం తీవ్రమైతే ‘చాలు’, ‘సాలు’, ‘తాలు’ మూడూ దాదాపు ‘ఆలు’లాగే చెవిన పడవచ్చు. ఇంట్లోవాళ్లు అరిచినా ఫలితం ఉండదు. అరుపుతో పెరిగేది ప్రధానంగా అచ్చుల బలమే.

శబ్దం పెంచితే చాలదా?

కర్ణావర్తం (కాక్లియా) మొదటి భాగం హెచ్చు పౌనఃపున్యాలను, చివరి భాగం తక్కువ పౌనఃపున్యాలను గ్రహిస్తుంది. మొదటి భాగంలో శబ్దాన్ని గ్రహించే లోపలి రోమకణాలు పూర్తిగా చనిపోతే ఆ భాగాన్ని ‘డెడ్ రీజియన్’ అంటారు. అక్కడికి ఎంత పెంచి పంపినా స్పష్టత రాదు. పైగా యంత్రం నుంచి ఈల వంటి మోత రావచ్చు.

పౌనఃపున్యం తగ్గించే పద్ధతులు

పై శబ్దాలను చెవి ఇంకా వినగలిగే కింది స్థాయికి తేవడమే ఈ సాంకేతికత సారం.

• ట్రాన్స్‌పొజిషన్: పై భాగాన్ని కిందికి జరిపి అక్కడి శబ్దాలతో కలుపుతుంది. ఒక ఆక్టేవ్ దించితే 6,000 హెర్ట్జ్ 3,000 అవుతుంది. వైడెక్స్ కంపెనీ దీన్ని తన యంత్రాల్లో 2006లో తెచ్చింది.
• నాన్‌లీనియర్ కంప్రెషన్: నిర్ణీత హద్దుకు పైనున్న భాగాన్ని మాత్రమే కుదిస్తుంది. కింది భాగం యథాతథం. ఫోనాక్ కంపెనీ ‘సౌండ్‌రికవర్’ (2008) దీనికి ఉదాహరణ.
• ట్రాన్స్‌లేషన్: ‘స’ వంటి శబ్దం వచ్చినప్పుడే దాని నమూనాను కింద కూడా వినిపిస్తుంది.

పరిమితులు

అతిగా దించితే ‘స’, ‘శ’ కలిసిపోతాయి. అందరికీ ఒకే మేలు జరగదు. ముందు మామూలు యంత్రంతో ఎంత వినగలరో చూడాలి. చాలకపోతేనే, అవసరమైనంత మేరకే దించాలి. కొత్త శబ్దాలకు మెదడు అలవాటుపడటానికి వారాలు పట్టవచ్చు. కాబట్టి ఆడియాలజిస్టు పరీక్ష లేకుండా దుకాణంలో కొని పెట్టుకోవడం తగదు.

చట్టం, సేవలు

• దివ్యాంగుల హక్కుల చట్టం, 2016: మాట పౌనఃపున్యాల్లో రెండు చెవులకూ 70 డెసిబెల్ నష్టముంటే బధిరత, 60–70 అయితే వినికిడి లోపం. పై శబ్దాలే పోయినవారి సగటు ఈ హద్దును చేరకపోవచ్చు. కానీ వారి ఇబ్బంది నిజమైనదే.
• ఫ్యాక్టరీల చట్టం, 1948: శబ్దంతో వచ్చే చెవుడును మూడో షెడ్యూల్‌లో వృత్తి వ్యాధిగా చేర్చింది.
• అలీ యావర్ జంగ్ వాక్, శ్రవణ వైకల్యాల జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో, ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి హైదరాబాద్ కోఠిలో ఉన్నాయి.
• ప్రపంచ వినికిడి దినోత్సవం: మార్చి 3.

చనిపోయిన రోమకణాలు మళ్లీ పుట్టవు. యంత్రం మిగిలిన వినికిడిని వాడుకోగలదు, పోయినదాన్ని తేలేదు. హోరులో పనిచేసేవారికి ఇయర్‌ప్లగ్గులు, ఏటా వినికిడి పరీక్ష కల్పించడం యజమానుల బాధ్యత.

మాదిరి ప్రశ్న

హెచ్చు పౌనఃపున్య వినికిడి నష్టంలో శబ్దాన్ని పెంచడం మాత్రమే ఎందుకు చాలదు? వృత్తిపరమైన చెవుడు నివారణకు చర్యలు సూచించండి.